పేరు ఊరిది, పద్దు పరాయిది

2025 ఆగస్టు 6, బుధవారం. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఎనిమిది చిన్న ఊళ్ల పత్రికల్లో పనిచేసేవాళ్లకు యాజమాన్యం నుంచి ఒక ఉత్తరం అందింది. ఆ రోజు నుంచే పత్రికలన్నీ మూత అని అందులో ఉంది. ముందస్తు నోటీసు లేదు. పాఠకులకు వీడ్కోలు చెప్పుకోవడానికి ఆఖరి సంచిక కూడా లేదు. టోరింగ్టన్ టెలిగ్రామ్, లస్క్ హెరాల్డ్, గర్న్‌సీ గెజెట్, కెమరర్ గెజెట్, పైన్‌డేల్ రౌండప్... దాదాపు అన్నింటి పేర్లలోనూ ఊరి పేరో కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరో ఉంది. యజమాని మాత్రం న్యూస్ మీడియా కార్పొరేషన్. ఇల్లినాయ్ రాష్ట్రంలోని రోషెల్ అనే ఊరి నుంచి నడిచే సంస్థ. అదే ఉత్తరంతో సౌత్ డకోటా, నెబ్రాస్కా, అరిజోనా, ఇల్లినాయ్‌లలోని పత్రికలూ అదే రోజు ఆగిపోయాయి. ఆదాయం పడిపోయిందని, ఖర్చులు పెరిగాయని, సంస్థను అమ్ముదామనుకున్న బేరం చెడిపోయిందని యాజమాన్యం చెప్పిన కారణాలు.

లస్క్ హెరాల్డ్ 1886 నుంచి వస్తున్న పత్రిక. లస్క్ ఉన్న నియోబ్రారా కౌంటీ మొత్తం జనాభా రెండున్నర వేలు దాటదు. మన దగ్గర ఒక మోస్తరు గ్రామ పంచాయతీలో అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. అలాంటి చోట 139 ఏళ్లుగా ఒక పత్రిక బతికిందంటేనే ఆశ్చర్యం. అది ఒక్క మధ్యాహ్నంలో పోయింది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. వారం పది రోజులు తిరిగేసరికి వయోమింగ్‌లోనే పత్రికలు నడిపిన అనుభవం ఉన్న రాబ్ హిక్స్, రాబ్ మార్టిమోర్ అనే ఇద్దరు ఆ ఎనిమిది పత్రికలనూ కొన్నారు. పాత సిబ్బందిని మళ్లీ రమ్మన్నారు. సౌత్ డకోటాలో మూతపడ్డ నాలుగింటిని మరో సంస్థ తీసుకుంది. ఇక్కడ ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే. ఈ పత్రికలు నిజంగా బతికే స్థితిలో లేకపోతే, పది రోజుల్లో కొనడానికి మనుషులు ఎలా దొరికారు? హిక్స్‌ది బఫెలో బులెటిన్ అనే చిన్న ఊరి పత్రిక. అంత చిన్న చోట ఎన్ని ప్రకటనలు వస్తాయో, అచ్చుకు ఎంత అవుతుందో, తపాలాకు ఎంత అవుతుందో తెలిసిన మనిషి. తెలిసే కొన్నారు. అంటే ఆగిపోయింది లస్క్ పద్దు కాదు, రోషెల్ పద్దు. ఒక ఊరి పత్రిక తన ఖర్చు తాను రాబట్టుకుంటున్నా, ఎక్కడో ఉండి చాలా ఊళ్ల పత్రికలను ఒకే గొడుగు కింద నడిపే గొలుసు సంస్థ లెక్క తప్పితే దాంతోపాటే మునిగిపోతుంది. అమెరికాలో చిన్న ఊళ్ల పత్రికల గురించి జరిగే చర్చలో 'ఇంటర్నెట్ చంపేసింది' అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది కానీ, ఈ రెండు పద్దుల తేడా చూడకపోతే సగం విషయం అర్థం కాదు.

గొలుసు ఎలా పెరిగింది

ఫ్రాంక్ గానెట్ 1906లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా అనే ఊళ్లో ఒక పత్రికలో సగం వాటా కొన్నాడు. ఆ గానెట్ సంస్థే తర్వాత దేశంలోకెల్లా పెద్ద పత్రికా గొలుసు అయింది. 1967లో స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లింది. 1982లో యూఎస్‌ఏ టుడే మొదలుపెట్టింది. దాని అసలు బలం మాత్రం ఆ జాతీయ పత్రిక కాదు, ఊరికొక్కటే పత్రిక ఉన్న చిన్న, మధ్య తరహా పట్టణాలు. అలాంటి ఊళ్లో కారు అమ్మాలన్నా, ఇల్లు అద్దెకివ్వాలన్నా, పనిమనిషి కావాలన్నా ఆ పత్రికలోనే ప్రకటన ఇవ్వాలి. పోటీ లేదు. ఆ రోజుల్లో నూటికి ఇరవై, ముప్పై డాలర్లు లాభంగా మిగలడం మామూలు సంగతి. మరోవైపు, తాతల నాటి నుంచి పత్రిక నడిపిన కుటుంబాల్లో మూడో తరానికి వచ్చేసరికి వాటాదారులు పదిమంది అయ్యేవారు. వారసత్వ పన్ను కట్టాలి. అందులో సగం మందికి పత్రిక మీద ఆసక్తే ఉండదు. గొలుసు సంస్థ చెక్కు పట్టుకుని వస్తే అమ్మేయడమే తేలిక. అలా ఊళ్లన్నీ ఒక్కొక్కటిగా గొలుసులో చేరాయి.

అప్పట్లో ఇది చెడ్డ బేరంగా ఎవరికీ అనిపించలేదు. కొన్నిచోట్ల పత్రిక మెరుగైంది కూడా. కొత్త ముద్రణ యంత్రాలు వచ్చాయి, సిబ్బందికి శిక్షణ, పింఛన్లు వచ్చాయి. లోపం ఎక్కడుందంటే, ఆ లాభాల శాతం ఎప్పటికీ అలాగే ఉంటుందన్న నమ్మకంతో సంస్థలు అప్పులు చేశాయి.

ఆ నమ్మకం 2005 తర్వాత కూలింది. ఆ ఏడాది అమెరికా పత్రికల ప్రకటనల ఆదాయం సుమారు 4,900 కోట్ల డాలర్లు. 2022 నాటికి అది వెయ్యి కోట్ల లోపుకు వచ్చింది. వర్గీకృత ప్రకటనలను (క్లాసిఫైడ్స్) క్రెయిగ్స్‌లిస్ట్ అనే వెబ్‌సైట్ ఉచితంగా తీసుకుపోయింది. మిగిలినవి గూగుల్, ఫేస్‌బుక్‌ల పాలయ్యాయి. దీనికి గొలుసు సంస్థలను తప్పుపట్టలేం. ఒక్క పత్రికనే నమ్ముకున్న కుటుంబ యజమానులూ దెబ్బతిన్నారు. ఒహాయోలో యంగ్స్‌టౌన్ విండికేటర్ 150 ఏళ్లు నడిచి 2019లో ఆగిపోయింది. అది కుటుంబ పత్రికే. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఏటా వేసే లెక్క ప్రకారం 2005 నుంచి అమెరికాలో మూతపడ్డ పత్రికలు మూడు వేలు దాటాయి. వారానికి రెండుకు పైనే.

కాబట్టి అసలు తేడా నష్టం రావడంలో లేదు, వచ్చిన నష్టాన్ని ఎవరు ఎలా సర్దుకున్నారన్నదాంట్లో ఉంది.

మేత లేని పాడి

2019 నవంబరులో గేట్‌హౌస్ అనే గొలుసు సంస్థ మాతృసంస్థ గానెట్‌ను కొంది. పేరు మాత్రం 2025 దాకా గానెట్ అనే ఉంచుకుంది. రెండూ కలిసి 260కి పైగా దినపత్రికలు. కొనడానికి డబ్బు అపోలో గ్లోబల్ మేనేజ్‌మెంట్ అనే పెట్టుబడుల సంస్థ నుంచి అప్పు తెచ్చారు. సుమారు 180 కోట్ల డాలర్లు, వడ్డీ పదకొండున్నర శాతం. అంటే మొదటి ఏడాది లెక్కలో వడ్డీకే ఇరవై కోట్ల డాలర్లు పక్కన పెట్టాలి. తర్వాత తక్కువ వడ్డీ అప్పులోకి మారారు గానీ అసలు ఎటూ పోదు కదా. ఒక చిన్న ఊరి పత్రికలో రిపోర్టర్‌కు ఏడాదికి నలభై వేల డాలర్లు ఇస్తారనుకుంటే, ఆ ఇరవై కోట్లతో ఎన్ని వేల మందిని పెట్టుకోవచ్చో ఎవరికి వాళ్లు లెక్క వేసుకోవచ్చు. జరిగింది మాత్రం తలకిందులు. విలీనం తర్వాత నాలుగేళ్లు తిరక్కుండానే ఉద్యోగాలు దాదాపు సగం పోయాయి.

పాడి తగ్గిన గేదె ఇంట్లో ఉంటే రైతు ముందు రెండు దారులుంటాయి. మేత పెంచి చూడటం ఒకటి, ఉన్నన్నాళ్లు పిండుకుని తర్వాత అమ్మేయడం ఇంకోటి. హెడ్జ్ ఫండ్ల (డబ్బున్నవాళ్ల సొమ్ము తెచ్చి లాభాల కోసం పెట్టుబడి పెట్టే సంస్థల) చేతిలో పడ్డ పత్రికలు రెండో దారి చూశాయి. ఆల్డెన్ గ్లోబల్ క్యాపిటల్ ఇందులో పేరు మోసింది. దాని చేతిలో ఉన్న డెన్వర్ పోస్ట్ సంపాదకులు 2018 ఏప్రిల్‌లో సొంత యజమాని మీదే సంపాదకీయం రాసి, రాబందులు తిరుగుతున్నాయి, పత్రికను కాపాడండి అని ఊరిని వేడుకున్నారు. పిండటంలో ఒక వరస ఉంటుంది. ఊరి నడిబొడ్డున ఉన్న పత్రిక భవనం అమ్ముతారు. ముద్రణ యంత్రం ఆపి వందల మైళ్ల దూరంలో అచ్చు వేయిస్తారు. పేజీలు పెట్టే పని వేరే రాష్ట్రంలోని డెస్కుకు వెళ్తుంది. హాకర్లను తీసేసి పత్రికను తపాలాలో పంపుతారు. చందా మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే మిగిలిన చందాదారులు ముసలివాళ్లు, అలవాటు మానుకోలేరు.

ఈ వరసలో ఒక్కో మెట్టూ విడిగా చూస్తే సబబుగానే కనిపిస్తుంది. అన్నీ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే ఒక శుక్రవారం రాత్రి చాలు. అమెరికా చిన్న ఊళ్లలో శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే జాతరే. ఊరంతా అక్కడే ఉంటుంది. అచ్చు దూరానికి పోయాక పేజీలు సాయంత్రానికే పంపేయాలి, కాబట్టి శనివారం పత్రికలో ఆ మ్యాచ్ ఉండదు. తపాలాలో వచ్చే పత్రికైతే ఇంకా ఆలస్యం. గెలుపోటములు అప్పటికి ఊరందరికీ తెలిసిపోయి, పత్రిక పాత కబురు మోసుకొస్తుంది. ఇక దాన్ని కొనడం ఎందుకని జనం మానేస్తారు. చందాలు తగ్గాయని ఇంకొకరిని తీసేస్తారు.

రిపోర్టర్లు లేని లోటు పూడ్చడానికి గానెట్ 2023లో హైస్కూల్ ఆటల వార్తలను సాఫ్ట్‌వేర్‌తో రాయించి చూసింది. ఆగస్టులో కొలంబస్ డిస్పాచ్‌లో ఒక సాకర్ మ్యాచ్ వార్త వచ్చింది. గెలిచిన జట్టు ముద్దుపేరు రావాల్సిన చోట 'గెలిచిన జట్టు ముద్దుపేరు' అనే ఖాళీ గడి అలాగే ఉండిపోయింది. ఓడిన జట్టుకూ అంతే. ఇంకో వార్తలో ఒక మ్యాచ్‌ను 'క్రీడా తరహా సన్నిహిత సమాగమం' అని వర్ణించింది. జనం నవ్వుకున్నారు, సంస్థ ఆ ప్రయోగాన్ని ఆపింది. ఆ గడి చూసిన తల్లికి మాత్రం నవ్వు వచ్చి ఉండదు. కొడుకు గోల్ కొట్టిన వార్త కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించుకునే ఊళ్లవి.

కాలిఫోర్నియాలోని సలీనాస్ పరిస్థితి ఇంకా విచిత్రం. నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ పుట్టిన ఊరు, అమెరికా సలాడ్ గిన్నె అని పిలుస్తారు, లక్షన్నరకు పైగా జనాభా. సలీనాస్ కాలిఫోర్నియన్ 1871 నాటి పత్రిక, గానెట్‌దే. 2022 డిసెంబరులో చివరి రిపోర్టర్ కూడా వెళ్లిపోయారు. 2023 మొదట్లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ వెళ్లి చూసేసరికి ఆ పత్రికలో సలీనాస్ గురించి కొత్తగా రాసినదంటూ కనిపించింది మరణ ప్రకటనలే. అవీ కుటుంబాలు డబ్బు కట్టి వేయించుకున్నవి. మిగతాదంతా వేరే ఊళ్ల వార్తలు. పత్రిక పేరు, తేదీ, అక్షరాల తీరు ఏవీ మారలేదు. ఇలాంటివాటిని పరిశోధకులు దయ్యపు పత్రికలు అంటున్నారు. వయోమింగ్ తరహా మూతకన్నా ఇదే ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది. మూతపడితే ఊరికి తెలుస్తుంది, ఎవరో ఒకరు కదులుతారు. పేరు మిగిలి ఉన్నంతకాలం పోయిందని తెలియదు, కొత్తవాళ్లు పత్రిక పెడదామన్నా ఆల్రెడీ ఒకటుంది కదా అంటారు.

జీతాల జాబితా

వయోమింగ్ చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది. కౌంటీ కమిషనర్ల సమావేశంలో ఏం జరిగింది, ఏయే బిల్లులు చెల్లించారు, కౌంటీ ఉద్యోగుల్లో ఎవరికి ఎంత జీతం అన్నవి పత్రికలో ప్రచురించాలి. చూడటానికి నీరసమైన పేజీ. సన్నటి అక్షరాలు, వరసగా పేర్లు, అంకెలు. కానీ రెండున్నర వేల మంది ఉన్న కౌంటీలో ఆ పేజీని ముందు తిరగేసేవాళ్లు తక్కువేం ఉండరు. పక్కింటివాడి జీతం ఎంతో తెలుసుకోవాలన్న కుతూహలం ఏ దేశంలోనైనా ఒకటే.

ఆ పేజీ లేకపోతే ఏమవుతుందో కాలిఫోర్నియాలోనే బెల్ అనే చిన్న నగరం చూపించింది. ముప్పై అయిదు వేల జనాభా, ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడని కూలీలు. వారం వారం కౌన్సిల్ సమావేశంలో కూర్చునే రిపోర్టర్ లేడు. 2010 జులైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ వేరే పని మీద తవ్వుతూ వెళ్లి కనిపెట్టిందేమిటంటే, ఆ నగర మేనేజర్ రాబర్ట్ రిజో ఏడాది జీతం ఎనిమిది లక్షల డాలర్లకు దగ్గర్లో ఉంది. అప్పట్లో దేశాధ్యక్షుడి జీతం నాలుగు లక్షలు. రిజో, కౌన్సిల్ సభ్యులు కొందరు జైలుకు వెళ్లారు, పత్రికకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అయితే పక్కన పెద్ద నగర పత్రిక ఉండబట్టి అయినా బయటపడింది. లస్క్‌కు చుట్టుపక్కల అంత పెద్ద పత్రిక ఎక్కడుంది?

ఇది దొంగతనాలు జరిగే చోటకే పరిమితమైన సంగతి కాదు. పత్రిక మూతపడ్డ కౌంటీల్లో స్థానిక ప్రభుత్వాలు బాండ్ల మీద తెచ్చుకునే అప్పుకు వడ్డీ పెరిగిందని ముగ్గురు ఆర్థిక శాస్త్ర పరిశోధకులు లెక్కగట్టారు. పెరుగుదల నూటికి 5 నుంచి 11 పైసల చొప్పున. వినడానికి ఎంత చిన్నదో! కానీ బడికీ నీళ్ల ట్యాంకుకీ కోట్లలో, ఇరవై ఏళ్లకు అప్పు తెచ్చే ఊరికి ఆ పైసలే లక్షలవుతాయి. అడిగే మనిషి ఉన్న చోట అప్పిచ్చేవాడికి భయం తక్కువ, లేని చోట ఎక్కువ. అంతే తర్కం.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఇది దూరపు సంగతేమీ కాదు. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్లు బోలెడు మంది. అక్కడి హోమ్ న్యూస్ ట్రిబ్యూన్, కొరియర్ న్యూస్ రెండూ గానెట్ గొలుసులోనివే. ఆ రాష్ట్రంలో కొత్త నిర్మాణానికి ప్లానింగ్ బోర్డు ముందుకు వెళ్లాలంటే విచారణకు కనీసం పది రోజుల ముందు పత్రికలో నోటీసు వేయాల్సి ఉండేది. గుడికి పార్కింగ్ పెంచాలన్నా, ఇంటి వెనక గోదాము వస్తుందన్నా ఊరికి తెలిసేది అలాగే. 2025 ఫిబ్రవరిలో జెర్సీ జర్నల్ పూర్తిగా మూతపడింది, స్టార్ లెడ్జర్ అచ్చు ఆపి ఆన్‌లైన్‌కు పరిమితమైంది. నోటీసు వేయడానికి పత్రికలు తగ్గిపోయేసరికి రాష్ట్రం చట్టాన్నే మార్చుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లో పెడితే సరిపోతుందన్నారు. అక్కడికి పనిగట్టుకుని వెళ్లి చూసేదెవరన్నది వేరే ప్రశ్న. ఆస్తి పన్ను బిల్లు పెరిగాక వాట్సాప్ గ్రూపులో 'ఇది ఎప్పుడు పాస్ చేశారు?' అని అడిగే మెసేజ్‌లకు జవాబు ఆ నోటీసుల్లోనే ఉండేది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక పోలిక తట్టక మానదు. మన చిన్న ఊళ్లకు పత్రిక ఎప్పుడూ బయటినుంచే వచ్చింది. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు జిల్లాలకు విస్తరించి, ఎనభైల చివర్లో జిల్లా టాబ్లాయిడ్లు తెచ్చాక మిగతావాళ్లూ అదే బాట పట్టారు. యజమాని హైదరాబాద్‌లో ఉన్నా, మండలంలో ఒక కంట్రిబ్యూటర్ ఉంటాడు. అచ్చయిన మేరకు లైన్ అకౌంట్ డబ్బులు, అవీ అంతంత మాత్రం. ఆ పద్ధతిలో లోపాలకు కొదవ లేదు. ప్రకటనలు తెమ్మని ఒత్తిడి, దాంతో వచ్చే లొసుగులు అందరికీ తెలిసినవే. కానీ కాలువ గండి పడితే పొద్దున్నే అక్కడ నిలబడే మనిషి ఒకడున్నాడు. గానెట్ తరహా గొలుసు తీసేసింది సరిగ్గా ఆ మనిషినే. కోవిడ్ కాలంలో మన టాబ్లాయిడ్లు మెయిన్ పేజీల్లో కలిసిపోయినప్పుడు మండల వార్తకు దక్కే చోటు ఎంత కుదించుకుపోయిందో చూసినవాళ్లకు ఇది ఇంకొంచెం తేలిగ్గా అర్థమవుతుంది.

గొలుసు చేతిలో ఉన్నంత మాత్రాన పత్రిక చచ్చినట్టేనా అంటే, కాదనడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ నుంచి వచ్చే డెసర్ట్ సన్ కూడా గానెట్ పత్రికే. 2019 జులైలో దాని సంపాదకురాలు జూలీ మకినెన్ ఒక నెలపాటు అభిప్రాయాల పేజీలో జాతీయ రాజకీయాలు బంద్ చేశారు. ట్రంప్ గురించి ఉత్తరం రాస్తే వేసుకోలేదు. ఆ ఖాళీలో ఊరి ట్రాఫిక్, కొత్తగా కట్టబోయే స్టేడియం, పాత భవనాల సంరక్షణ వచ్చి చేరాయి. ముగ్గురు పరిశోధకులు అదే రాష్ట్రంలోని మరో గానెట్ పత్రిక ఉన్న ప్రాంతంతో పోల్చి చూస్తే, పామ్ స్ప్రింగ్స్ వైపు రెండు పార్టీల జనం మధ్య దూరం పెరిగే వేగం తగ్గినట్టు తేలింది. ఇందులో యజమాని గొప్పతనం ఏమీ లేదు. ఊళ్లో కూర్చున్న సంపాదకురాలికి ఆ పేజీ మీద చెయ్యి ఉంది, అంతే. 2022లో అదే గానెట్ తన పత్రికల్లో అభిప్రాయాల పేజీలు తగ్గించుకోమంది.

మరి లాభాపేక్ష లేని సంస్థలు తీసుకుంటే? కొలరాడోలో 2021లో నేషనల్ ట్రస్ట్ ఫర్ లోకల్ న్యూస్ అనే సంస్థ 24 చిన్న పత్రికలను గొలుసుల పాలు కాకుండా కొంది. డెన్వర్ పోస్ట్ నుంచి బయటికొచ్చినవాళ్లు పెట్టిన కొలరాడో సన్ అనే వార్తా సంస్థ అప్పట్లో అందులో భాగస్వామి. చాలామంది ఇదే దారి అనుకున్నారు. 2025లో అదే ట్రస్ట్ వాటిలో 21 పత్రికలను అరిజోనాలోని టైమ్స్ మీడియా గ్రూప్‌కు అమ్మేసింది. ఆ గ్రూప్ ఏమిటంటే, ఇంకో గొలుసు. నడిమధ్యలో ఇంకో దెబ్బ కూడా ఉంది. ప్యూబ్లో అనే ఊళ్లో ఉన్న ముద్రణాలయాన్ని గానెట్ 2023లో మూసేసింది. తన పత్రిక ఒక్కటే కాదు, కొలరాడోలో బోలెడు చిన్న పత్రికలు అక్కడే అచ్చయ్యేవి. అవన్నీ హడావిడిగా కొత్త ప్రెస్ వెతుక్కోవాల్సి వచ్చింది. గొలుసులో లేని పత్రిక మెడకు కూడా గొలుసు ఇలా చుట్టుకుంటుంది.

తిరిగి వయోమింగ్‌కు వస్తే, ఆ ఎనిమిదింటిలో కెమరర్ గెజెట్ పరిస్థితి ప్రత్యేకం. కెమరర్ రెండున్నర వేల మంది ఉన్న బొగ్గు ఊరు. బొగ్గు కరెంటు రోజులు దగ్గరపడుతున్నాయని ఊరు కంగారు పడుతున్న సమయంలో బిల్ గేట్స్ పెట్టుబడి ఉన్న టెర్రాపవర్ సంస్థ కొత్త తరహా అణు విద్యుత్ కేంద్రానికి అక్కడే చోటు ఎంచుకుంది. 2024 జూన్‌లో పనులు మొదలయ్యాయి. నిర్మాణం జోరుగా ఉన్న రోజుల్లో ఊరి జనాభాలో సగానికి పైగా కూలీలు, ఇంజనీర్లు బయటినుంచి వస్తారు. అద్దెలు, బడిలో సీట్లు, నీళ్లు, షెరీఫ్ ఆఫీసులో సరిపడా మనుషులు... ఇవన్నీ తేలేది వాషింగ్టన్‌లో కాదు, సాయంత్రం పూట జరిగే కౌన్సిల్ సమావేశంలో. అక్కడ వెనక వరసలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చునే మనిషికి జీతం ఎక్కడినుంచి వస్తుందో 2025 ఆగస్టులో ఓ పది రోజులపాటు ఎవరికీ తెలియలేదు.